వానకు అయ్యో అనను

(పదకొండో భాగం)

ఇంద్రజను పోయిన వారం మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. ఏడు రోజులుగా అక్కడే ఉంది పాపం. కథలోకి కొత్తగా వచ్చినవాళ్లకు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, ఆమెను పైకి నడిపిస్తాను.

ఇంద్రజకు ముప్పై రెండేళ్లు. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎనిమిదేళ్లుగా నర్సు. తండ్రి పుల్లయ్యది ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె, కాలువ నీళ్లు అందని నల్లరేగడి మీద శనగ సేద్యం. ఆమె పెళ్లి సంగతి అడక్కండి, దాన్ని మూడో వారంలోనే తేల్చేసుకున్నాం. జర్మనీలో ముసలివాళ్లను చూసుకునే ఒక హోమ్ వాళ్లకు నర్సులు కావాలంటే, ఈ వయసులో కొత్త భాషేమిటని అందరూ నవ్వుతున్నా లెక్కచేయకుండా ఆర్నెల్లుగా జర్మన్ క్లాసుకు వెళ్తోంది. వచ్చే సోమవారం ఆ హోమ్ పెద్దావిడ వీడియోలో నలుగురితో మాట్లాడి ఎంపిక చేస్తుంది. ఆ నలుగురి పేర్లు క్లాసులో బోర్డు మీద ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఉన్న పేరు ఇంద్రజది.

ఉన్నది కాదు, ఉండేది. గురువారం మాస్టారు అజయ్ కుమార్ మాట్లాడే పరీక్ష పెట్టాడు. అంశం వాతావరణం. "వీ ఇస్ట్ దాస్ వెట్టర్ హొయ్ట?" అని అడిగాడు. ఈరోజు వాతావరణం ఎలా ఉంది అని. "ఎస్ రేగ్నెట్. షోనెస్ వెట్టర్!" అంది ఇంద్రజ ముఖం వెలిగిపోతుండగా. వాన పడుతోంది, మంచి వాతావరణం అని. అజయ్ కుమార్ లేచి బోర్డు మీద ఆమె పేరుకు అడ్డంగా గీత కొట్టాడు. జర్మన్లకు వాన మంచి వాతావరణం కాదట. వాన మాట ఎత్తితే 'లైడర్' అనాలట. లైడర్ అంటే దురదృష్టవశాత్తూ. రేపు పదింటికి వచ్చి, అందరి ముందూ 'లైడర్ రేగ్నెట్ ఎస్' అని చెబితే పేరు మళ్లీ రాస్తానన్నాడు.

ఇప్పుడు శుక్రవారం, పదికి ఐదు నిమిషాలు. మెట్లెక్కనిద్దాం.

ఆ భవనంలో కింది రెండు అంతస్తులూ బ్యాంకు పరీక్షల కోచింగ్. వందల మంది పిల్లలు బల్లల మీద ఇరుక్కుని లెక్కలు చేస్తుంటారు. మూడో అంతస్తులో, నీళ్ల ట్యాంకుకు ఆనుకుని వేసిన రేకుల గదిలో జర్మన్. తొమ్మిది మంది నర్సులు, ఒక తెల్లబోర్డు, ఒక కెమెరా, గోడకు పుస్తకంలోంచి పెద్దది చేసి అంటించిన రెండు బొమ్మలు. ఒక బొమ్మలో సూర్యుడు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. రెండో దాంట్లో మేఘం మూతి ముడుచుకుని ఏడుస్తోంది. మే నెలలో ఆ రేకుల కింద కూర్చున్న ఎవరినైనా అడగండి, ఏ బొమ్మకు ఏ ముఖం పెట్టాలో చెబుతారు. నన్నడిగితే ఆ నవ్వే సూర్యుడికి నంద్యాలలో అడుగు పెట్టే ధైర్యం ఉండకూడదు.

ఇంద్రజ లోపలికి వచ్చి నిలబడింది. ఎనిమిది తలలు ఆమె వైపు తిరిగాయి. మొదటి వరుసలో విష్ణుప్రియ ఉంది. అహోబిలంలో కోవెల సేవ చేసుకునే ఇంటి పిల్ల, ఇంద్రజ కన్నా ఎనిమిదేళ్లు చిన్న. ఒకసారి విన్న మాటను స్వరం తప్పకుండా అప్పజెప్పే అలవాటు ఇంట్లోనే వచ్చింది కాబట్టి, క్లాసులో అందరికన్నా జర్మన్ బాగా పలుకుతుంది. నిన్న పరీక్షలో 'లైడర్' అని ఒక్క గుక్కలో అనేసి కూర్చుంది. ఇప్పుడు తల వంచుకుని పుస్తకంలోకి చూస్తోంది.

"గూటెన్ మోర్గెన్, సార్."

"గూటెన్ మోర్గెన్. రామ్మా." అజయ్ కుమార్ క్లాసులో ఎప్పుడూ పుస్తకం తెలుగే మాట్లాడతాడు. "బయట వాన పడుతోందనుకో. నువ్వు కిటికీ దగ్గర ఉన్నావు. పక్కన కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మాట కలుపు."

"ఎస్ రేగ్నెట్."

"దానికి ముందు?"

"ఎస్ రేగ్నెట్, సార్."

"లైడర్ ఏదమ్మా?"

"అది రాదు సార్."

"రాదంటే? నోరు తిరగడం లేదా?"

"నోరు తిరుగుతాది సార్. మనసు తిరగల్యా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అజయ్ కుమార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఆ మాట ఈ కథలో పదిసార్లు చెప్పాను. మూడేళ్లు జర్మనీలో ఒక హోటలు వంటగదిలో పనిచేసి వచ్చాడు. చలికి పగిలిన వేళ్లతో గిన్నెలు కడిగి నేర్చుకున్న భాష అది. అందుకే ఆ భాషలో ఒక్క మాట అటూ ఇటూ అయితే ఆయనకు ప్రాణం లేచిపోతుంది.

"చూడమ్మా, నేను అక్కడ ఉండి వచ్చినవాణ్ణి. నవంబరులో పది పన్నెండు రోజులు సూర్యుడే కనపడడు. ఆ ముసలివాళ్లు కిటికీ పక్కన కూర్చుని ఆ తడిసిన రోడ్డునే చూస్తుంటారు. వాళ్ల మోకాళ్లు నొప్పి, వాళ్ల పిల్లలు రారు. నువ్వు పోయి 'ఆహా, ఎంత మంచి వాతావరణం' అన్నావనుకో, ఎగతాళి చేస్తున్నావనుకుంటారు. మొదటి రోజే మనిషి దూరమవుతాడు. వాతావరణం గురించి మాట్లాడటం అంటే వాతావరణం కోసం కాదమ్మా, మనిషి కోసం."

ఇది మంచి మాటే. ఇంద్రజకూ మంచి మాట అనిపించింది. అయినా జవాబు చెప్పేటప్పుడు గొంతు తగ్గలేదు.

"ఆ అవ్వ అయ్యో అంటే నేనూ అయ్యో అంటా సార్. ఎనిమిదేండ్లు వార్డులో అదే చేస్తాండా. ఎవురికి ఏడ నొస్తాదో చూసి మాట్లాడేది మీరు నాకు నేర్పేది కాదు. నిన్న మీరడిగింది ఆ అవ్వ గురించి కాదు. హొయ్ట అన్నారు. హొయ్ట అంటే ఈపొద్దే గదా? ఈపొద్దు ఈడ వాతావరణం ఎట్లుండాది అంటే, నేను బాగుండాది అన్నా. తప్పేందో చెప్పండి."

"పరీక్షలో వాళ్లు ఎదురుచూసే జవాబు చెప్పాలి. నీ ఊరి జవాబు కాదు."

"ఊరు ఇడ్సిపెట్టి నోరు మాత్రం యాడ తెచ్చుకోవాల సార్?"

అంతే, అజయ్ కుమార్ పుస్తకం తెలుగు ఊడిపోయింది. "ఏందమ్మే నీ మొండితనం! పోయిన బ్యాచ్‌లో ఇద్దరు ఇట్లాంటి చిన్న మాటల కాడే ఇంటర్వ్యూలో పోయినారు. తెల్సునా? ఇంగోసారి పోతే ఆ హోమోళ్లు మన తట్టు చూసేదే లేదు. ఈ క్లాసే ఉండదు. నీ ఒక్క వాన కోసం ఈ ఎనిమిది మంది నోట్లో మన్ను కొట్టల్లనా?"

కింద అంతస్తులో పిల్లలు ఏదో లెక్క జవాబు మూకుమ్మడిగా అరిచారు. ఇంద్రజ ఎనిమిది ముఖాల వైపూ చూసింది. ఒక్కరైనా నోరు విప్పుతారని ఆశ పడింది. విప్పలేదు. నాకు ఆ ఎనిమిది మంది మీద ఒళ్లు మండుతోంది, కానీ వాళ్ల భయం వాళ్లది.

"వాన లేక నలభై రెండు దినాలు సార్." ఇంద్రజ మెల్లగా మొదలుపెట్టింది. "మా నాయన మొగులు తట్టు చూసీ చూసీ మెడ నొస్తాంది, ఏం మాత్ర ఏసుకోవాల అని నన్నడిగినాడు. నిన్న తెల్లారకముందు ఫోన్ చేసినాడు. హలో అంటే పలకలే. భయపడినా. ఆయన మాట్లాడకుండా ఫోను వాకిట్లో పెట్టి వాన చప్పుడు ఇనిపిచ్చినాడు సార్. ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉండాది. దాన్ని పెట్టుకోని ఈడికొచ్చి దురదృష్టం అనల్లనా? అనను. ఈ ఉజ్జోగం ఇచ్చినా అనను, పీకినా అనను."

"అయితే నీ పేరు అట్లే ఉంటుంది."

"ఉండనీండి. కానీ ఎందుకు కొట్టేసినారో పక్కన రాయండి. చదువు రాక కొట్టేసినారని ఎవురూ అనుకోగూడదు."

"నేను రాయను."

"అయితే నేనే రాస్తా."

బల్ల మీదున్న మార్కరు తీసుకుంది. గీత కొట్టిన తన పేరు పక్కనే, ఆసుపత్రిలో కేసు షీట్లు రాసి రాసి గుండ్రంగా కుదిరిన అక్షరాలతో తెలుగులోనే రాసింది: 'వాన మంచిదన్నందుకు.' మార్కరుకు మూత పెట్టి బల్ల మీద పెట్టి, "ఔఫ్ వీడర్‌జేన్" అని ఆ భాషలోనే సెలవు తీసుకుని మెట్లు దిగింది. పాఠకులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. బోర్డు మీద రాసే మార్కర్లు అయిపోయి మూడు రోజులైంది. ఆమె చేతికి దొరికింది అట్టపెట్టెల మీద పేర్లు రాసే మార్కరు. అది తుడిస్తే పోయేది కాదు.

కోపం మెట్లు దిగేవరకే ఉంది. రోడ్డు మీదికి రాగానే వెనక్కి తిరిగి మూడో అంతస్తు వైపు చూసింది. ఏం చేశాను నేను? ఆర్నెల్ల పాటు డ్యూటీ దిగి, కళ్లు మూతలు పడుతుంటే చన్నీళ్లు కొట్టుకుని కూర్చుని నేర్చుకున్న చదువు. ఈ బ్యాచ్ పోతే మళ్లీ ఏడాది. ఏడాది తరవాత ఎవరు పిలుస్తారు? మళ్లీ అదే వార్డు, అవే చీదరింపులు, తన చేతి కింద పని నేర్చుకున్న పిల్ల కిందే పనిచేయడం. ఆ రోజు ఆమెకు సెలవు. గదికి వెళ్లబుద్ధి కాక ఆళ్లగడ్డ బస్సెక్కింది.

శిరివెళ్ల దాటేదాకా కిటికీకి తల ఆనించుకుని ఏడ్చింది. పక్కన కూర్చున్న పెద్దావిడ ఏమీ అడగకుండా మజ్జిగ సీసా చేతిలో పెట్టింది. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన రాతి పనివాళ్ల పాకల ముందు, ముక్కూ కళ్లూ ఇంకా చెక్కని విగ్రహాలు వరసగా నిలబడి ఉన్నాయి. అక్కడి నుంచి షేర్ ఆటోలో ఊరు, ఊరి నుంచి నడిచి చేను. చేరేసరికి రెండున్నర. ఆకాశం మబ్బు పట్టి ఉంది కానీ చుక్క రాలడం లేదు.

పుల్లయ్య గట్టు దగ్గర గొంతుక్కూర్చుని చేత్తో మట్టి తవ్వుతున్నాడు. కూతురిని చూసి ఆశ్చర్యపోలేదు. "రా పాపా, చూడు" అని గుంటలోకి చెయ్యి పెట్టి చూపించాడు. పైన నాలుగు వేళ్ల మందాన మట్టి నల్లగా, తడిగా ఉంది. దాని కింద పొడిగా, బూడిద రంగులో ఉంది.

"పదునైనట్టేనా నాయనా?"

పదును అంటే ఆ నేల మీద బతికేవాళ్లకు చెప్పనక్కర్లేదు. చెప్పాల్సినవాళ్ల కోసం చెబుతున్నాను: వేసిన విత్తనం మొలిచి నిలబడేంత తడి నేల కడుపులో ఉండటం.

"యాడ? జానెడు దిగల్ల. ఇంకొక వాన పడితే ఐతాది. ఆదివారం లోపల పడితే శనగ ఏసేస్తా. పడకుంటే ఈ పైతడి గాలికే పోతాది." చేతిలోని మట్టిని పిడికిట నొక్కి ఉండ చేసి, మళ్లీ పొడి చేసి వదిలేశాడు. అప్పుడు తలెత్తి ఆమె కళ్లు చూశాడు. "ఏడ్చినావా?"

ఇంద్రజ గట్టు మీద కూలబడి అంతా చెప్పింది. ఏదీ దాచలేదు. పుల్లయ్య మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"ఏందీ, వానొస్తాందని ఎట్లంటారు వాళ్లు?"

"ఎస్ రేగ్నెట్."

"రేగ్నెట్ అంటే వాన. ఎస్ అంటే ఎవురు?"

"ఎవురూ కాదు నాయనా. ఊరికే పెట్టల్ల. ఆ మాట ఒంటిగా నిలబడదంట."

"ఎవురూ కాకుండ వానెట్ల పడ్తాది? రాకుంటే ఎవుర్ని అడుగుతారు?"

"వాళ్లకు వాన రాకపోయేదే లేదంట."

"అట్లయితే వాళ్లకు అడిగే పని లేదు" అన్నాడు పుల్లయ్య. తరవాత చేతులు దులుపుకుని, ఆమె ఊహించని మాట అన్నాడు. "ఒక మాటే గదమ్మా. అనేసి రాగూడదా?"

ఇంద్రజ విసురుగా తండ్రి వైపు తిరిగింది. ఎవరి వాన కోసం అంత మంది ముందు తెగించి మాట్లాడిందో ఆ మనిషే ఆ మాట అంటాడా! "నువ్వు గూడా అదే అంటావా నాయనా? నీ వానను పట్టుకోని నేను అయ్యో అనల్లనా?"

"నా వాన ఏంది, వాన నాదా? నేనూ అన్నా ఒకసారి. నువ్వు అప్పుడు నర్సు చదువులో ఉండావు, నీకు చెప్పలే. జనవరిలో, శనగ పీకి కళ్లంలో కుప్ప ఏసి ఉంటే, పొద్దన్నే కమ్ముకోని వచ్చె. పట్ట కప్పేలోపల అంతా తడిసిపాయ. రెండు దినాలు ఇడవలే. కుప్పలోనే మొలకలొచ్చె. నేను చెయ్యెత్తి మొగులును నోటికొచ్చినట్ల తిడ్తాంటే మీయమ్మ వచ్చి నా నోరు మూసె. వానను తిట్టగూడదు, మళ్ల రాదు అని." ఆయన ఆ కళ్లం ఉన్నవైపు చేయి చూపించాడు. "అప్పుడు ఎవురైనా వచ్చి, మంచి వానయ్యా అని ఉంటే వాన్ని గొర్రు తీసుకోని కొట్టేవాణ్ణి."

పొద్దున అజయ్ కుమార్ చెప్పినదీ ఇదే గదా అని తోచి ఇంద్రజ ముఖం చిన్నబోయింది.

"అయ్యో అనే వాన ఉంటాది, అనని వాన ఉంటాది" అన్నాడు పుల్లయ్య. "అది తెలిసినదానివి నువ్వు. మీ అయ్యవారికి అన్ని వానలూ ఒకటే. కాబట్టి ఆయన చెప్పింది తప్పు కాదు, నువ్వు చెప్పిందీ తప్పు కాదు. నిన్నటి వానకు మాత్రం అయ్యో అనాకు. అంటే నేనే ఊరుకోను."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తండ్రి భుజానికి తల ఆనించి రెండూ కానిచ్చింది.

ఫోన్ మోగింది. విష్ణుప్రియ. గొంతు గుసగుసలాడుతోంది.

"అక్కా, యాడుండావ్?"

"చేన్లో."

"అయ్యో రామ! ఆ ఫ్రావ్ లిండ్‌నర్, ఆ హోమ్ పెద్దామె, సోమవారం కెమెరా సరిగ్గా పనిచేస్తాదో లేదో చూస్తానని ఇప్పుడే వచ్చింది వీడియోలోకి. సారు బోర్డును గుడ్డ పెట్టి రుద్దినాడు, నీళ్లు పెట్టి రుద్దినాడు. నీ రాత పోలే. బోర్డు అంతా తెల్లగా ఉండాది, సారు నిన్న కొట్టిన గీతా నీ మాటా మటుకే ఉండాయి. ఆమె అదేంది అని అడిగింది. సారు ఏం లేదు అన్నాడు."

"మళ్ల?"

"నేను లేచి చెప్పేసినా అక్కా. అంతా. పొద్దున నోరు రాలే, అప్పుడొచ్చింది. సారు నన్ను చంపేటట్టు చూస్తాండాడు. ఆమె నీతో మాట్లాడల్లంట. ఇప్పుడే."

ఫోన్ చేతులు మారింది. అజయ్ కుమార్ గొంతులో పొద్దుటి పొగరు లేదు. "ఇంద్రజా, జరిగింది జరిగింది. నీ పేరు నేను మళ్లీ రాస్తా. ఆమె వాతావరణం అడుగుతుంది, ఖాయంగా అడుగుతుంది. ఒక్క మాట అను తల్లీ. లైడర్. నీకు దండం పెడతా. ఈ ఎనిమిది మందీ నీ ముఖమే చూస్తున్నారు."

ఆయన లింకు పంపాడు. ఇంద్రజ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. చేతులకు మట్టి ఉంది, దాన్ని తుడుచుకునే తీరిక లేదు. సిగ్నల్ కోసం గట్టు ఎత్తుగా ఉన్నచోటికి ఎక్కి లింకు నొక్కింది.

తెర మీద ఒక ముఖం. కత్తిరించిన తెల్లజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు, అరవై దాటిన మనిషి. కింద చిన్న గడిలో రేకుల గది, ఒకరి మీద ఒకరు ఎక్కి చూస్తున్న ఎనిమిది మంది, చేతులు కట్టుకుని నిలబడ్డ అజయ్ కుమార్, ఆయన తల వెనక బోర్డు మీద 'వాన మంచిదన్నందుకు'.

"గూటెన్ టాగ్, ఫ్రావ్ లిండ్‌నర్."

"గూటెన్ టాగ్, ఫ్రావ్ ఇంద్రజ." పేరుకు 'గారు' తగిలించినట్టు ఫ్రావ్ అంది కానీ, ఆవిడ నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని ఇంద్రజ వెనక కనిపిస్తున్న నల్లటి నేలను చాలాసేపు చూసింది. తరవాత ఒక్కో మాటా విడివిడిగా, స్పష్టంగా అడిగింది. "వీ ఇస్ట్ దాస్ వెట్టర్ బై ఈనెన్?"

మీ దగ్గర వాతావరణం ఎలా ఉంది?

సరిగ్గా అప్పుడే ఫోన్ తెర మీద ఒక చుక్క పడింది. తరవాత ఇంకొకటి. ఇంద్రజ తలెత్తింది. పడమటి నుంచి చప్పుడు చేసుకుంటూ వస్తోంది, చేలు దాటుకుంటూ. పుల్లయ్య పరుగున వచ్చి, గట్టు మీదున్న ఖాళీ యూరియా సంచి విప్పి కూతురి తల మీదా ఫోన్ మీదా కలిపి పట్టుకున్నాడు. తాను మాత్రం తడుస్తూ నిలబడ్డాడు. ముఖం పైకెత్తి ఉన్నాడు.

చిన్న గడిలో అజయ్ కుమార్ పెదాలు కదిలాయి. శబ్దం రాకపోయినా ఆమెకు ఆ మాట తెలుసు.

"ఎస్ రేగ్నెట్" అంది ఇంద్రజ. "షోనెస్ వెట్టర్."

అజయ్ కుమార్ కళ్లు మూసుకున్నాడు.

"వారుమ్?" అంది ఫ్రావ్ లిండ్‌నర్. ఎందుకు?

పదునుకు జర్మన్‌లో ఏమంటారో ఇంద్రజకు తెలియదు. ఏ పాఠంలోనూ రాలేదు. వచ్చిన మాటలనే పోగు చేసుకుంది. "మైన్ ఫాటర్ ఇస్ట్ బవర్." మా నాయన రైతు. ఫోన్ తిప్పి, తడిసి ముద్దయిన పుల్లయ్యను చూపించింది. మళ్లీ తిప్పి కింద నేలను చూపించింది. అక్కడ పడిన చుక్క పడినట్టే ఇంకిపోతోంది. "ది ఎర్డె ట్రింక్ట్." నేల తాగుతోంది. ఇంకా ఏదో మిగిలిపోయింది. తండ్రి కళ్లం గుర్తొచ్చింది, మొలకలెత్తిన కుప్ప గుర్తొచ్చింది. వ్యాకరణం సంగతి దేవుడికే వదిలేసి చెప్పేసింది.

"ఇమ్ యానువార్, లైడర్. హొయ్ట, నిహ్ట్ లైడర్!"

జనవరిలో అయితే అయ్యో. ఈరోజు అయ్యో కాదు.

అలాంటి వాక్యం ఏ జర్మన్ పుస్తకంలోనూ ఉండదు. రేకుల గదిలో అందరి కన్నా ముందు విష్ణుప్రియ చప్పట్లు కొట్టింది. తరవాత ఇంకెవరో కొట్టారు. అజయ్ కుమార్ ఆపలేదు.

ఫ్రావ్ లిండ్‌నర్ కళ్లజోడు తీసి గొలుసుకు వదిలేసింది. పక్కకు తిరిగి, తెరలో కనిపించని కిటికీ వైపు చూసింది. ఆ చూపు ఇంద్రజకు తెలుసు. వార్డులో చెడ్డ కబురు చెప్పబోయే ముందు డాక్టర్లు అలాగే పక్కకు చూస్తారు. ఆవిడ ఇటు తిరిగింది. పెదవి తడుపుకుంది.

"లైడర్..." అంది.

బొమ్మ అక్కడే బిగుసుకుపోయింది. నోరు సగం తెరిచిన ముఖం, కింద గుండ్రంగా తిరుగుతున్న గుర్తు. వాన జోరందుకుంది. సంచి మీద చినుకుల మోతలో ఏమీ వినపడటం లేదు. ఇంద్రజ ఫోన్ ఎత్తి పట్టుకుంది, దించింది, మళ్లీ ఎత్తింది.

"ఏమంటాది పాపా?" అని పుల్లయ్య చెవి దగ్గర అరిచాడు.

"అయ్యో అంటాంది నాయనా" అంది ఇంద్రజ తెర మీంచి కళ్లు తిప్పకుండా. "దేనికో ఇంకా చెప్పలే."